హాలోవీన్ మొదటి నుంచీ పెద్దల రాత్రే: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో, బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు హాలోవీన్ గురించి అడగడం మొదలుపెడతారు. సగం ప్రశ్నలు పిల్లల వేషాల గురించి, మిఠాయిల గురించి. వాటికి జవాబులు ఎక్కడైనా దొరుకుతాయి. పిల్లలు పడుకున్నాక ఆ రాత్రిని ఎలా గడపాలి, ఆ పుర్రెలూ దెయ్యాలూ ఎక్కడి నుంచి వచ్చాయి అని ఆలోచించే పెద్దవాళ్ల కోసం ఈ పేజీ.

పిల్లల పండుగను పెద్దవాళ్లు జరుపుకుంటే ఎబ్బెట్టుగా ఉండదా?

ఇది పిల్లల చేతికి వచ్చి వందేళ్లే అయింది. అంతకుముందు పెద్దలదే. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో హాలోవీన్ మీద ఒక పెద్ద కవిత రాశాడు. అందులో కనిపించేది పెళ్లీడుకు వచ్చిన రైతుబిడ్డలు, వాళ్ల తంటాలు చూసి నవ్వుకునే ముసలివాళ్లు. ఐర్లండ్ చిత్రకారుడు డానియెల్ మక్లీస్ 1833లో ప్రదర్శించిన హాలోవీన్ చిత్రంలోనూ ఇల్లంతా తాగేవాళ్లు, వాయించేవాళ్లు, చిందులేసేవాళ్లు, పొయ్యి దగ్గర జోస్యం చూసుకునే జంటలు.

20వ శతాబ్దం మొదట్లో ఉత్తర అమెరికాలో కుర్రకారు ఆ రాత్రి చేసే ఆగడాలు శ్రుతి మించాయి. కిటికీ అద్దాలకు సబ్బు పూయడం, పెరటి మరుగుదొడ్లను పడదోయడం, ఆవులను విప్పి బజారులోకి తోలడం. ఈ గొడవ పడలేక మినెసోటాలోని అనోకా పట్టణం 1920లో ఊరేగింపు పెట్టి, తినుబండారాలు పంచి కుర్రాళ్ల దృష్టి మళ్లించింది. కెనడాలో అల్బర్టా రాష్ట్రంలోని బ్లాకీ అనే చిన్న ఊరి నుంచి 1927లో వచ్చిన వార్తలో ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ (తినడానికి ఏదైనా పెడతారా, అల్లరి చేయమంటారా) అని ఇంటింటా అడిగిన పిల్లలు కనిపిస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెరకు రేషన్ రావడంతో ఆ వాడుక కుంటుపడింది. 1947లో అమెరికాలో రేషన్ ఎత్తేశాక మిఠాయి కంపెనీలకు రెక్కలొచ్చాయి. ఇప్పుడు మనం చూసే పిల్లల హాలోవీన్ అప్పటి నుంచి ఊపందుకున్నదే. కాబట్టి పెద్దవాళ్లు మొహమాటపడాల్సిన పని లేదు.

అసలు ఇది ఎక్కడ పుట్టింది?

ఐర్లండ్, స్కాట్లండ్, మాన్ దీవి. అక్కడి గేలిక్ ప్రజలకు నవంబరు 1న సౌవిన్ పండుగ. వాళ్ల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది కాబట్టి అక్టోబరు 31 సాయంత్రమే పండుగ వచ్చేసినట్టు. పంటలు ఇంటికి చేరి ఉంటాయి. వేసవంతా కొండల మీద మేసిన పశువులను కిందికి తోలుకొస్తారు. చలికాలం మొత్తానికి సరిపడా గడ్డి ఉండదు కనుక ఏ పశువును ఉంచాలో, దేన్ని కోయాలో అప్పుడే తేల్చుకోవాలి. పండుగలోని నలుపు సగం ఇక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. దెయ్యాల మాట దేవుడెరుగు, ఆ వారమంతా ఊళ్లో రక్తం వాసన ఉండేది. ముందున్నది నెలల తరబడి చీకటి. పసిబిడ్డల్లో, ముసలివాళ్లలో వసంతం దాకా ఎవరు మిగులుతారో ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి గురించి పాత కథలు ఏం చెబుతాయి?

చాలా చెబుతాయి. మధ్యయుగాల ఐరిష్ కథల్లో అనర్థాలన్నీ సౌవిన్‌నాడే ముంచుకొస్తాయి. తారా కోటకు ఏటా ఆ రాత్రి ఐలెన్ అనేవాడు వచ్చి, సంగీతంతో అందరినీ నిద్రపుచ్చి, నోటి నిప్పుతో కోటను తగలబెట్టి పోయేవాడు. కుర్రవాడైన ఫిన్ తన ఈటె మొనను నుదుటికి ఆనించుకుని నిద్రను ఆపుకుని వాణ్ణి చంపాడు.

నాకు మాత్రం అన్నిటికన్నా నేరా కథ ఇష్టం. పెద్దవాళ్ల కథ అంటే అదీ. క్రూఖన్ కోటలో రాజు ఐలిల్, రాణి మెడ్వ్ సౌవిన్ విందు వండిస్తున్నారు. అంతకు ముందు రోజు ఇద్దరు ఖైదీలను ఉరి తీశారు. శవాలు ఇంకా ఉరికొయ్యకు వేలాడుతున్నాయి. బయటికి వెళ్లి వాటిలో ఒకదాని కాలికి పచ్చి కొమ్మతో కట్టు కట్టి వచ్చినవాడికి బహుమానం ఇస్తానన్నాడు రాజు. ఒక్కొక్కరే వెళ్లడం, బిక్కచచ్చి వెనక్కు రావడం. చివరికి నేరా వెళ్లాడు. మూడుసార్లు కట్టినా కట్టు ఊడిపోయింది. అప్పుడు శవమే నోరు తెరిచి, మేకు కొట్టకపోతే తెల్లవార్లూ కట్టినా నిలవదని సలహా ఇచ్చింది. పని అయ్యాక, ఉరి తీసేటప్పుడు దాహంతో ఉన్నాను, నన్ను వీపున వేసుకుని నీళ్లు తాగించు అని అడిగింది.

నేరా మోసుకుపోయాడు. మొదటి ఇంటి చుట్టూ నిప్పుల వలయం. ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా కప్పిపెట్టి ఉంది, నాకు అక్కడ చోటు లేదంది శవం. రెండో ఇంటి చుట్టూ నీటి వలయం. ఆ ఇంట్లో రాత్రిపూట కుడితి నీళ్లు, స్నానం చేసిన నీళ్లు మిగల్చరు, అక్కడా లాభం లేదంది. మూడో ఇంట్లో తొట్లలో మురికినీళ్లు అలాగే ఉన్నాయి. శవం ప్రతి తొట్టిలోంచీ తాగి, ఆఖరి గుక్కను ఆ ఇంట్లో పడుకున్నవాళ్ల మీద ఉమ్మింది. అందరూ చచ్చిపోయారు. రాత్రిపూట ఎంగిలి నీళ్లు ఇంట్లో ఉంచకూడదనే శుభ్రత పాఠాన్ని ఇంత ఘోరంగా చెప్పిన కథ ఇంకొకటి ఉండదనుకుంటాను.

నేరా శవాన్ని మళ్లీ ఉరికొయ్యకు తగిలించి వెనక్కు వస్తే కోట తగలబడి కనిపిస్తుంది, తెగిన తలలు కుప్పగా పడి ఉంటాయి. ఆ పని చేసిన దండు వెంట అతడు ఒక గుహలోకి దిగుతాడు. లోపల వేరే లోకం. అక్కడ అతనికి పెళ్లి కూడా అవుతుంది. నువ్వు చూసింది జరిగింది కాదు, జరగబోయేది, వెళ్లి మీవాళ్లను హెచ్చరించు అంటుంది భార్య. పైకి వచ్చి చూస్తే కోటలో ఇంకా అదే గుండిగ చుట్టూ అదే విందు. తన మాట నమ్మించడానికి నేరా లోపలి లోకం నుంచి వేసవిలో మాత్రమే దొరికే ఆకులూ పూలూ తెచ్చి చూపిస్తాడు.

ఆ గుహ ఇప్పటికీ ఉంది. రాస్‌కామన్ కౌంటీలోని రాత్‌క్రోగన్‌లో పొలం గట్టు పక్కన, మనిషి పాక్కుంటూ దూరేటంత సందు. ద్వారం మీది రాతిపై ఓగమ్ అనే పాత ఐరిష్ లిపిలో మెడ్వ్ అనే పేరు చెక్కి ఉంటుంది. టల్స్క్ ఊళ్లోని కేంద్రం వాళ్లు వెంట తీసుకెళ్లి చూపిస్తారు. బురదకు పనికొచ్చే బూట్లు వేసుకుని వెళ్లండి.

సౌవిన్ అనేది మృత్యుదేవత పేరా?

కాదు. అలాంటి దేవుడు పాత గ్రంథాల్లో ఎక్కడా లేడు. 18వ శతాబ్దంలో చార్లెస్ వాలన్సీ అనే సైనికాధికారి ఊహలోంచి పుట్టుకొచ్చాడు. అప్పటి నుంచి కరపత్రాల్లో, టీవీల్లో, పండుగను తిట్టేవాళ్ల నోటా పొగిడేవాళ్ల నోటా తిరుగుతూనే ఉన్నాడు.

డ్రూయిడ్లు అనే పాతకాలపు పూజారులు ఆ రాత్రి నరబలులు ఇచ్చేవారంటారు, నిజమేనా?

రెండు విషయాలను కలిపేసి చెప్పే మాట ఇది. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) ప్రాంతపు డ్రూయిడ్లు మనుషులను బలి ఇచ్చేవారని జూలియస్ సీజర్ రాశాడు. అతడు వాళ్ల మీద యుద్ధం చేస్తున్నవాడు కనుక ఆ మాటను ఎంత నమ్మాలో ఎవరికి వారే చూసుకోవాలి. ఐర్లండ్‌లో 2003లో బురదనేలల్లో రెండు ప్రాచీన శవాలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్లు దాటినా చర్మం, వేళ్లు చెక్కుచెదరలేదు. ఇద్దరినీ క్రూరంగా హింసించి చంపారు. డబ్లిన్ మ్యూజియంలో ఉన్న ఆ చేతి గోళ్లను చూస్తే నిన్న మొన్నటి మనిషి అనిపిస్తాడు. పంటలు పండించలేకపోయిన రాజులను అలా బలి ఇచ్చారేమోనని ఒక వాదం ఉంది. అయితే ఆ చావులకు సౌవిన్ రాత్రితో ముడిపెట్టే ఆధారం ఏదీ లేదు. బలులు జరిగి ఉండవచ్చు. అక్టోబరు 31న జరిగాయని మాత్రం అనలేం.

చర్చి పండుగతో దీనికి సంబంధం ఏమిటి?

హాలోవీన్ అంటేనే సకల పునీతుల పండుగకు ముందు రాత్రి. ఆ పండుగ మొదట్లో రోములో మే 13న జరిగేది. 8వ శతాబ్దంలో పోపు మూడో గ్రెగరీ సెయింట్ పీటర్స్‌లో పునీతుల పేరిట ఒక ప్రార్థనాలయాన్ని అంకితం చేశాడు. 835లో పోపు నాలుగో గ్రెగరీ కాలంలో నవంబరు 1 ఫ్రాంకుల రాజ్యమంతటా పండుగ దినమైంది. సౌవిన్‌ను మింగేయడానికే చర్చి ఆ తేదీ ఎంచుకుందని చాలామంది రాస్తారు కానీ చరిత్రకారుల్లో దానికి ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు.

నవంబరు 2 చనిపోయినవారి రోజు. క్లూనీ మఠాధిపతి ఓడిలో 11వ శతాబ్దం ప్రాంతంలో తన మఠాల్లో మొదలుపెట్టిన ఆచారం అది. ఉత్తరించు స్థలంలో (స్వర్గానికి వెళ్లే ముందు పాపాలు కడుక్కునే చోట) యాతన పడే ఆత్మలకు బతికున్నవాళ్ల ప్రార్థన ఊరటనిస్తుందని నమ్మకం. ఇంగ్లండ్‌లో పేదవాళ్లు ఇల్లిల్లూ తిరిగి, మీ ఇంట్లో పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు అడిగి తీసుకునేవారు. గుమ్మం ముందు నిలబడి అడగడం, ఇంటివాళ్లు తినేది ఏదో చేతిలో పెట్టడం అనే వరుస పిల్లల మిఠాయిల కన్నా ఎంత పాతదో చూడండి.

మన క్రైస్తవ కుటుంబాలకు ఇది కొత్త కాదు. నవంబరు 2న తెలుగు రాష్ట్రాల్లో జరిగే సమాధుల పండుగ ఆ క్యాలెండరులోదే. సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. హాలోవీన్ పేరు వినగానే ముఖం చిట్లించే ఇళ్లలో కూడా, రెండు రోజుల తర్వాత వచ్చే దాని తోబుట్టువును భక్తితో జరుపుకుంటారు.

మంత్రగత్తెలు ఇందులోకి ఎలా వచ్చారు?

ఒక దారి స్కాట్లండ్ కోర్టుల గుండా. 1590 హాలోవీన్ రాత్రి నార్త్ బెర్విక్ చర్చిలో మంత్రగత్తెలు సైతానుతో సమావేశమయ్యారని అభియోగం. జల్లెడల్లో కూర్చుని సముద్రం దాటారట. డెన్మార్క్ నుంచి పెళ్లికూతురితో వస్తున్న రాజు ఆరో జేమ్స్ ఓడల మీదికి తుపాను రేపారట. రాజు స్వయంగా విచారణలో కూర్చున్నాడు. ఆగ్నెస్ శాంప్సన్ అనే మంత్రసానిని హింసించి ఒప్పుకోలు రాబట్టి 1591లో చంపారు. మంత్రవిద్యకు మరణశిక్ష వేసే చట్టం అక్కడ 1563 నుంచి 1736 దాకా అమలులో ఉంది.

బాణామతి చేశారన్న నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. అందుకే పొడుగు టోపీ, చీపురుకట్ట సరదాగానే ఉన్నా ఆ టోపీ కింద ఉన్నది ఎక్కువగా ఊరంతా ఒక్కటై వేటాడిన ఒంటరి ఆడమనిషి అని నేను మరచిపోలేను. వేషం వెయ్యొద్దని అనను. ఆ కథ తెలిసి వేసుకుంటే వేషానికి బరువు వస్తుంది.

గుమ్మడికాయను ఎందుకు చెక్కుతారు?

మొదట చెక్కింది గుమ్మడికాయను కాదు, టర్నిప్ దుంపను. మేయో కౌంటీలోని ఐర్లండ్ జాతీయ మ్యూజియం శాఖలో డోనెగాల్‌లోని ఫింటౌన్ నుంచి వచ్చిన ఒక టర్నిప్ లాంతరు అచ్చు ఉంది. ముడతలు పడి, కళ్లు లోతుకు పోయి, వంకర పళ్లతో ఉంటుంది. దాని ముందు మన గుమ్మడికాయలు నవ్వుతున్న పసిపాపల్లా కనిపిస్తాయి.

ఐరిష్‌వాళ్లు చెప్పే కథ జాక్ అనే తాగుబోతుది. సైతానును మాటలతో బుట్టలో వేసి, తన ఆత్మను ఎన్నడూ నరకానికి తీసుకుపోనని మాట పుచ్చుకుంటాడు. చచ్చాక స్వర్గం తలుపు తీయలేదు. నరకానికి వెళితే సైతాను ఇచ్చిన మాట తప్పలేనన్నాడు. దారి కనబడటానికి ఒక నిప్పుకణిక మాత్రం విసిరాడు. దాన్ని టర్నిప్ లోపల పెట్టుకుని జాక్ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు. 1845లో మొదలైన ఆలుగడ్డల కరువులో పది లక్షలమంది చనిపోయారు. అంతకు మించినవాళ్లు ఓడలెక్కి దేశం విడిచారు. అమెరికా చేరినవాళ్లతో పాటే ఈ ఆచారమూ వెళ్లింది. గట్టి టర్నిప్ కన్నా అమెరికాలో పుట్టిన గుమ్మడికాయను తొలవడం ఎంతో సులువు కదా.

సరదాకు ఒకసారి టర్నిప్ చెక్కి చూడండి. పెద్ద దుంప తీసుకుని, పైభాగం కోసి, గట్టి చెంచాతో గీకాలి. చేతులు పడిపోతాయి. దీపం పెట్టాక ఉడికిన దుంప వాసన ఇల్లంతా కమ్ముతుంది. భయపెట్టడానికి అది కూడా పనికొస్తుంది.

పెళ్లి జోస్యాలు, చావు జోస్యాలు అంటే ఏమిటి?

ఆ రాత్రి పెద్దలు ఆడిన అసలు ఆట ఇదే. స్కాట్లండ్‌లో కళ్లకు గంతలు కట్టుకుని పెరట్లో కేల్ అనే ఆకుకూర మొక్కను పెకలించేవారు. కాండం నిటారుగా ఉంటే నిటారైన మొగుడు, వంకరగా ఉంటే వంకర మొగుడు. వేర్లకు ఎంత మట్టి అంటితే అంత కట్నం. ఒక జంట పేర్లతో రెండు గింజలను పొయ్యిలో పక్కపక్కన పెడతారు. కలిసి నెమ్మదిగా కాలితే కాపురం చల్లగా ఉన్నట్టు. ఒకటి టప్పున పేలి ఎగిరిపోతే అంతే సంగతులు. అద్దం ముందు కొవ్వొత్తి పట్టుకుని ఆపిల్ తింటుంటే కాబోయేవాడి ముఖం భుజం మీదుగా కనిపిస్తుందట.

వేల్స్‌లో ఇదే ఆట చీకటి వైపు తిరిగింది. నెగడు ఆరిపోయే ముందు ప్రతి ఒక్కరూ తమ గుర్తు వేసిన తెల్లరాయి ఒకటి అందులో వేసి వెళ్లేవారు. తెల్లారాక వచ్చి వెతికితే ఎవరి రాయి కనబడదో వాళ్లు ఆ ఏడాది దాటరు. ఇంటికి వెళ్లే దారిలో తోకలేని నల్ల పంది తరుముతుందని, అందరికన్నా వెనకబడినవాణ్ణి పట్టుకుంటుందని భయం. చర్చి తలుపు దగ్గర చెవి పెట్టి, ఏడాదిలో పోయేవాళ్ల పేర్లను లోపలి గొంతు చదువుతుంటే వినాలని వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో పెద్దల హాలోవీన్ ఎలా పెట్టుకోవాలి?

దుకాణం నుంచి ప్లాస్టిక్ అస్థిపంజరాలు మోసుకురాకముందు లైట్లన్నీ ఆర్పి చూడండి. సగం పండుగ అక్కడే వచ్చేస్తుంది. ఆరుగురు ఎనిమిది మంది చాలు. వంటకు ఐర్లండ్ నుంచి రెండు తీసుకోండి. ఒకటి కోల్‌క్యానన్. ఉడికించి మెదిపిన ఆలుగడ్డల్లో కేల్ కానీ క్యాబేజీ కానీ కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న వేస్తారు. పక్కన ఆవకాయ పెడితే ఎవరూ అభ్యంతరం చెప్పరు.

రెండోది బార్మ్‌బ్రాక్ రొట్టె. ఎండుద్రాక్షను చిక్కటి టీ డికాక్షన్‌లో రాత్రంతా నానబెట్టి మైదా, చక్కెర, గుడ్డు, మసాలా పొడులతో కలిపి కాలుస్తారు. పిండిలో చిన్న వస్తువులు దాచడమే దీని విశేషం. ఉంగరం దొరికితే పెళ్లి, నాణెం దొరికితే డబ్బు, పేలిక దొరికితే దరిద్రం, పుల్ల దొరికితే కొట్లాడుకునే కాపురం, బఠాణీ దొరికితే ఈ ఏడాదికి పెళ్లి లేనట్టే. అన్నిటినీ విడివిడిగా బేకింగ్ కాగితంలో చుట్టి, ముందే అందరికీ చెప్పండి. పన్ను విరగడం జోస్యంలో లేదు.

తిన్నాక కథలు. ప్రతి ఒక్కరూ ఒక కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుని, తమ కథ అయిపోగానే దాన్ని ఆర్పెయ్యాలి. కథలు ఇంగ్లీషువే కానక్కర్లేదు. ఊరి చివర చింతచెట్టు గురించి మీ నాయనమ్మ చెప్పింది ఏ హాలీవుడ్ సినిమాకూ తీసిపోదు. ఫోన్లు పక్క గదిలో పెట్టించండి. ఈ ఒక్క నియమం దగ్గర నేను మొండిమనిషిని.

ఆత్మలతో మాట్లాడే బల్లతో (ఊయిజా బోర్డుతో) ఆడవచ్చా?

ఆటగా అయితే ఆడుకోండి. 1891లో బాల్టిమోర్‌లో పేటెంటు తీసుకుని అమ్మిన వినోద వస్తువు అది. బల్లల మీద చేతులు పెట్టి ఆత్మలను పిలిచే రోజుల్లో, 1853లో, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ప్రయోగం చేసి, తమకు తెలియకుండా చేతులే బల్లను తోస్తున్నాయని చూపించాడు. ఇక్కడా అదే జరుగుతుంది. అయితే ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు బృందంలో ఉంటే ఆ బల్ల జోలికి పోకండి.

ఆత్మలతో మాట్లాడతామనే దొంగ మాంత్రికుల గుట్టు రట్టు చేసిన ఇంద్రజాలికుడు హూడినీ 1926లో సరిగ్గా హాలోవీన్ రోజే పోయాడు. వీలైతే ఫలానా రహస్య సంకేతం పంపుతానని భార్య బెస్‌కు చెప్పాడు. ఆమె పదేళ్లు ఎదురుచూసి, 1936 హాలోవీన్ నాడు హాలీవుడ్‌లోని ఒక హోటల్ మేడ మీద ఆఖరి ప్రయత్నం చేసి, ఇక చాలని విరమించింది. ఆయన రాలేదు.

భయపడటంలో ఆనందం ఏముంటుంది?

డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని కొలిచారు. వైలె పట్టణంలోని ఒక భూత్ బంగళాలోకి 110 మందిని గుండె వేగం కొలిచే పరికరాలు తొడిగి పంపారు. 2020లో ఫలితాలు వచ్చాయి. మరీ తక్కువ భయపడ్డవాళ్లకు విసుగు, మరీ ఎక్కువ భయపడ్డవాళ్లకు బాధ, మధ్యలో ఉన్నవాళ్లకు హాయి. కాబట్టి బలవంతంగా ఎవరినీ లాక్కెళ్లకండి. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి చోట్లకు దూరంగా ఉండటం మంచిది.

ఎక్కడికి వెళితే బాగుంటుంది?

ఐర్లండ్ వెళ్లగలిగితే రాత్‌క్రోగన్ గుహతో పాటు మీత్ కౌంటీలో 2019 నుంచి జరుగుతున్న పూకా ఉత్సవం చూడండి. ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ నగరంలో ఊరు ఊరంతా వేషాలతో వీధుల్లోనే ఉంటుంది. న్యూయార్క్‌లో ముసుగుల కళాకారుడు రాల్ఫ్ లీ 1974లో మొదలుపెట్టిన గ్రీన్‌విచ్ విలేజ్ ఊరేగింపులో వేషం ఉన్నవాళ్లు ఎవరైనా నడవవచ్చు. ప్రేక్షకులుగా నిలబడితే వీపులే కనిపిస్తాయి, నడవండి.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం గురించి నాకు రెండు మనసులు. అక్కడ 1692లో మంత్రవిద్య నెపంతో 19 మందిని ఉరి తీశారు, ఒక ముసలివాణ్ణి బండరాళ్ల కింద నలిపి చంపారు. ఆ ఊళ్లోనే అక్టోబరంతా మంత్రగత్తె బొమ్మల వ్యాపారం. వెళితే ముందు ఉరి తీసిన ప్రాక్టర్స్ లెడ్జ్ దగ్గరి స్మారకం చూసి, ఆ తర్వాత బజారులోకి వెళ్లండి.

ఏ ఊరైనా సరే, ఇరుకు సందుల్లోకి జనం తోసుకుంటుంటే వెంటనే బయటపడండి. 2022 హాలోవీన్ వారాంతంలో సియోల్‌లోని ఇటెవాన్‌లో తొక్కిసలాటలో 159 మంది చనిపోయారు.

మిఠాయిలో విషం కలుపుతారట కదా?

డెలవేర్ విశ్వవిద్యాలయ సామాజికవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన కేసులన్నీ తిరగేశాడు. ముక్కూముఖం తెలియనివాడు పంచిన మిఠాయి తిని పిల్లలు చనిపోయారని రుజువైన ఉదాహరణ ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సస్‌లో ఎనిమిదేళ్ల బాలుడు సయనైడ్‌తో చనిపోయిన మాట నిజం. పెట్టింది కన్నతండ్రి, బీమా డబ్బు కోసం. నిజమైన ప్రమాదం రోడ్డు మీద ఉంది. అమెరికాలో హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాలు మామూలు సాయంత్రాల కన్నా 43 శాతం ఎక్కువని 2019లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆ సాయంత్రం కారు తీసేవాళ్లు, తాగి నడపబోయేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఇండియా నుంచి వచ్చిన అత్తగారూ మామగారూ గుమ్మంలో పుర్రె పెడితే అశుభం అంటున్నారు. ఏం చెయ్యాలి?

వాదన పెట్టుకోకండి. పుర్రెలూ సాలెగూళ్లూ పచ్చిక మీదికి జరపండి, గడప దగ్గర గుమ్మడికాయ ఒకటే ఉంచండి. ఆ తర్వాత తీరిగ్గా మామగారిని అడగండి, మన ఊళ్లో కట్టే ఇంటి ముందు నాలుక చాపిన దిష్టిబొమ్మను ఎందుకు వేలాడదీస్తాం, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ ఎందుకు కడతాం అని. డోనెగాల్ రైతు వంకరపళ్ల టర్నిప్‌ను కిటికీలో పెట్టింది కూడా ఆ పనికే. ఇది చెప్పాక గుమ్మడికాయకు ముఖం గీయడానికి మామగారే కత్తి అందుకున్న ఇళ్లు ఉన్నాయి.

దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వస్తే?

2024లో అక్టోబరు 31నే వచ్చాయి. సాయంత్రం లక్ష్మీపూజ వేళకే పిల్లలు తలుపు కొడతారు. మిఠాయి గిన్నె బయట బల్ల మీద పెట్టి పూజకు కూర్చోండి. రెండు పండుగలూ ఒకటేనని పిల్లలకు చెప్పడం మాత్రం అనవసరం. పోయినవాళ్లను తలుచుకోవడానికి మనకు పెద్దల అమావాస్య, తెలంగాణలో పెత్రమాస విడిగా ఉన్నాయి. అయితే దీపావళినాడు పితృదేవతలకు దారి చూపేందుకు కాగడా ఎత్తే ఉల్కాదానం మన ఆచారమే. గోగుకాడలకు గుడ్డ కట్టి వెలిగించి ‘దిబ్బు దిబ్బు దీపావళి’ అని నేలకు కొట్టిన తరం ఇంకా ఉంది. అమెరికా పెరట్లో అది చెయ్యాలంటే ముందు ఊరి అగ్నిమాపక నిబంధనలు చూసుకోవాలి.

మర్నాడు ఆ గుమ్మడికాయలతో ఏం చెయ్యాలి?

చెక్కి దీపం పెట్టిన కాయను తినకండి. రాత్రంతా బయట ఉండి, మసి పట్టి, బూజుకు సిద్ధంగా ఉంటుంది. మైనం గీకేసి కంపోస్టులో వెయ్యండి. చెక్కేటప్పుడు తీసిన గింజలను కడిగి, ఆరబెట్టి, ఉప్పూకారం వేసి వేయించుకుంటే సాయంత్రం టీకి సరిపోతాయి. పులుసు పెట్టుకోవాలనుకుంటే లాంతర్లకు అమ్మే పెద్ద కాయలు వద్దు, అవి నీళ్లోడుతూ చప్పగా ఉంటాయి. పై చేయడానికి అమ్మే చిన్న తీపి గుమ్మడికాయ కొనండి. నవంబరు 1 నుంచి కొన్ని అంగళ్లలో ధర తగ్గించి ఇస్తారు.